మూల గుండ్రంగానే ఉంది, ‘వద్దు’ ఎక్కడ?

శుక్రవారం సాయంత్రం బెంగళూరు మడివాళలో బ్యాగు తగిలించుకుని ఊరెళ్లే బస్సు కోసం నిలబడే తెలుగువాళ్లందరికీ ఆ పెట్టె తెలుసు. ఫోన్‌లో టికెట్ యాప్ తెరిచి, సీటు ఎంచుకుని డబ్బు కట్టబోయే సమయానికి తెర మసకబారుతుంది. మధ్యలోంచి ఓ తెల్లటి పెట్టె ఎగిరి వచ్చి, రెండుసార్లు ఊగి నిలబడుతుంది. పైన గొడుగు కింద నవ్వుతున్న కుటుంబం. కింద ఈ చివర నుంచి ఆ చివర దాకా నారింజ రంగు బటన్: ‘అవును, నా ప్రయాణానికి బీమా కావాలి’. ఇంకా కింద, తెలుపు మీద లేత బూడిద రంగులో ఏదో మరక. కళ్లజోడు తుడుచుకుని చూస్తే అది మరక కాదు, మన జవాబు: ‘వద్దు, నావాళ్లు ఏమైపోయినా ఫర్వాలేదు’.

ఇంతటి కళాఖండం ఊరికే పుట్టదు. ఇలా ఎగిరొచ్చి అవునా కాదా అని అడిగే పెట్టెను డైలాగ్ అంటారు; యాప్ కట్టేవాళ్లకు ఆండ్రాయిడ్‌లో అది రెడీమేడ్‌గా దొరుకుతుంది. ఒక శీర్షిక, విషయం, మూడు బటన్ల దాకా చోటు. బ్యాక్ నొక్కితే మూసుకుంటుంది, బయట ఎక్కడ తాకినా మూసుకుంటుంది. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుంటే విషయం స్క్రోల్ అవుతుంది, బటన్లు ఒకదాని కింద ఒకటి సర్దుకుంటాయి. ఐఫోన్‌లో 2014లో ఐఓఎస్ 8తో వచ్చిన యూఐఅలర్ట్‌కంట్రోలర్ అనే రెడీమేడ్ పెట్టె ఇంకా మొండిది. దాని లోపలి అమరికను ముట్టుకోవద్దని యాపిలే రాసిపెట్టింది. ఇంత మంచి సరుకు ఉచితంగా దొరికితే మనవాళ్లకు నామోషీ కాదూ? అందుకని దాన్ని పక్కన పడేసి సొంతంగా ఓ పెట్టె కడతారు. దాని పేరు కస్టమైజేషన్.

ఆ మహత్కార్యం ఎలా జరుగుతుందో ఊహించుకోండి. కింద ఔటర్ రింగ్ రోడ్డు మీద బండ్లు కదలకుండా నిలబడి ఉంటాయి. పైన ఏడో అంతస్తులో, నది పేరు పెట్టిన గాజు గదిలో, పెట్టె మూల ఎంత గుండ్రంగా ఉండాలన్న దాని మీద చర్చ. గూగుల్ వారి డిజైన్ నియమాలు, మెటీరియల్ 3, లెక్క ప్రకారం 28 డీపీ (డీపీ అంటే తెర మీద కొలత). “28 అందరిదీ, మనది కాదు” అంటాడు గుంటూరు నుంచి వచ్చిన ప్రొడక్ట్ మేనేజర్. 16 అయితే నమ్మకంగా ఉంటుందని ఒకరు, 24 అయితే ఆప్యాయంగా ఉంటుందని ఇంకొకరు. ఆప్యాయత వైపు మొగ్గు. తర్వాత వెనక నీడ. తర్వాత పెట్టె ఎన్నిసార్లు ఊగాలి. మధ్యలో నెల్లూరు కుర్రాడు, టెస్టర్, చెయ్యెత్తుతాడు.

“అన్నా, ఫాంట్ పెద్దది పెడితే కింద బటన్ కనపడటం లేదు.”

“ఎడ్జ్ కేస్ కదరా, ఎవరికో ఒకరికి వచ్చేది. బ్యాక్‌లాగ్‌లో వెయ్, తర్వాత చూద్దాం.”

“బ్యాక్ నొక్కినా పోవట్లేదన్నా.”

“అది ఫీచర్.”

నిజమే. కోడ్‌లో క్యాన్సిలబుల్ (అంటే, మూసేయొచ్చా) అన్నచోట ఫాల్స్ అని ఒక్క మాట రాస్తే చాలు, వినియోగదారుడు లోపలే ఉండిపోతాడు. ఇక డిజైనర్ అమ్మాయికి ఓ ధర్మసందేహం: అక్షరానికీ వెనక రంగుకూ తేడా కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి, మన ‘వద్దు’ అందులో సగం కూడా లేదు. మేనేజర్ జాలిగా చూస్తాడు. “కనపడితే నొక్కేస్తారు కదా మచ్చా!”

అందరూ లేచి ఆంధ్రా మెస్‌కి వెళ్తారు. అక్కడ మూడోసారి అన్నం తెచ్చినాయన ముందు మన మేనేజర్ ఆకు మీద చెయ్యి అడ్డం పెడతాడు. ఆయన పక్క ఆకుకి వెళ్లిపోతాడు. ‘వద్దా? మీ ఆరోగ్యం మీకు అక్కర్లేదా?’ అని అడగడు. అడిగితే మనవాడు ఆ మెస్‌కి ఒక్క స్టార్ ఇచ్చి వస్తాడు.

దీనికి చట్టం లేదనుకోకండి. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్స్ మీద, అంటే కొనేవాణ్ణి బుట్టలో వేసే ఇలాంటి డిజైన్ ఎత్తుల మీద, మార్గదర్శకాలు తెచ్చింది. మొత్తం 13 రకాలు. విమాన టికెట్ కొనేవాడు బీమా వద్దంటే ‘నేను రక్షణ లేకుండానే ఉంటాను’ అనిపించడం అందులో ఓ ఉదాహరణ. ‘వద్దు’ను లేత రంగులో పెట్టడం ఇంకో ఉదాహరణ. మూసే ఇంటూ గుర్తు నొక్కితే మరో ప్రకటన తెరుచుకోవడమూ ఉంది. నిషేధాల జాబితా అని సర్కారు ఇస్తే, మనవాళ్లు సిలబస్ అనుకున్నట్టున్నారు.

మా మామయ్యగారికి కంటి ఆపరేషన్ అయ్యాక ఫోన్‌లో అక్షరాలు ఉన్నంతలో పెద్దవి పెట్టించుకున్నారు. కడప నుంచి మా ఇంటికి రావడానికి టికెట్ తనే తీసుకున్నారు. పెట్టె ఎత్తు కదలకుండా బిగించేసి ఉంది, స్క్రోల్ లేదు, ‘వద్దు’ తెర కింద ఎక్కడో మునిగిపోయింది. “అల్లుడూ, దాంట్లో ఒక్కటే బటను ఉండాది, దాన్నే నొక్కినా” అన్నారు. చిన్న మొత్తమే. చిన్న మొత్తమని ఎవరూ ఫోన్ చేసి గొడవ పెట్టుకోరు, ఆ లెక్క మీదే కదా ఈ దుకాణం నడిచేది!

ఇక అసలే చూపులేని మనిషి సంగతి? రెడీమేడ్ పెట్టె తెరుచుకోగానే, ఆండ్రాయిడ్‌లో తెరను చదివిపెట్టే టాక్‌బ్యాక్ దాన్ని చదివి వినిపిస్తుంది. సొంత పెట్టెకు ఆ ఏర్పాటు ఎవరూ చేయకపోతే అది పెట్టె వచ్చిందని కూడా చెప్పదు, వెనకున్న సీట్ల మధ్యే తిరుగుతుంటుంది. ఇంటూ గుర్తుకు పేరు పెట్టకపోతే ‘పేరు లేని బటన్’ అని ఊరుకుంటుంది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణలో, అంటే జీవించే హక్కులో, భాగమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఏడో అంతస్తులో ఆ పేరు రాయడానికి ఒక్కడికి ఒక్క నిమిషం దొరకలేదు, పెట్టె ఊగడానికి మాత్రం రెండు మీటింగులు దొరికాయి. కళ్లు సరిగా లేవని తెలిసి ఆ మనిషి దగ్గరే డబ్బు తీసుకోవడాన్ని డిజైన్ అనకండి. జేబు కత్తిరించడం అనండి. దానికి గ్రాఫ్ గీసి చప్పట్లు కొట్టుకోకండి, సిగ్గుండాలి!

రంగు మీది కావాలా? థీమ్‌లో మార్చుకోండి. మూల గుండ్రంగా కావాలా? దానికీ అక్కడే చోటుంది, ఆప్యాయంగా 24 పెట్టుకోండి. రెండు బటన్లూ ఒకే సైజు, ఒకే రంగు. బ్యాక్ నొక్కితే మూసుకోనివ్వండి. ఆ నెల్లూరు కుర్రాడిని అడగండి, బ్యాక్‌లాగ్‌లో అంతా రాసిపెట్టే ఉంటాడు.