ఆటోలో పట్టని చెక్కు

నేను పనిచేసేది పిల్లల కోసం నడిచే ఒక స్వచ్ఛంద సంస్థలో. నా విజిటింగ్ కార్డు మీద 'రిసోర్స్ మొబిలైజేషన్ మేనేజర్' అని ఉంటుంది. మా నాయనమ్మ దాన్ని ఒక్క ముక్కలో తేల్చేసింది: "చందాలు దండుతావన్నమాట."

నిజానికి చందాల విద్యలో మా వీధి వినాయకుడి కమిటీ కాలిగోటికి కూడా నేను సరిపోను. వాళ్లకు ప్రజెంటేషన్ అక్కర్లేదు. రసీదు పుస్తకం పట్టుకుని ఆరుగురు గుమ్మంలో నిలబడితే చాలు. పదకొండో రోజు విగ్రహంతో పాటు లెక్కలూ హుస్సేన్‌సాగర్‌లో నిమజ్జనం. మిగిలిందెంత అని అడిగిన భక్తుణ్ణి ఇంతవరకు చూడలేదు.

నన్ను మాత్రం అడుగుతారు. "నా డబ్బు పిల్లలకే చేరుతుందా? జీతాలకు పోదు కదా?" పోదండీ. పాఠాలు చెప్పే టీచరమ్మ గాలి పీల్చి బతుకుతుంది. ఆఫీసు అద్దెను ఓనరు పుణ్యం ఖాతాలో రాసుకుంటాడు. ఆడిటరు పద్దులు చూసి, దణ్ణం పెట్టి వెళ్లిపోతాడు. విదేశీ విరాళాల్లో పరిపాలన ఖర్చు పరిమితిని 2020లో ప్రభుత్వం 50 శాతం నుంచి 20కి దించింది. మా దాతలు ఏనాడో సున్నాకి దించేశారు.

మార్చి నెల మాకు సంక్రాంతి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలి. ఆర్థిక సంవత్సరం ఆఖర్లో గానీ ఆ సమాజం వాళ్లకు గుర్తురాదు. ఈసారి ఒక కంపెనీ బడి మరుగుదొడ్లకు పది లక్షలు ప్రకటించింది. స్టేజీ మీద ఆరడుగుల సన్‌బోర్డు చెక్కు చేతికిచ్చారు. "సార్, లోగో మీద చెయ్యి తియ్యండి" అంటూ ఇరవై నిమిషాలు ఫొటోలు. శిలాఫలకం కొలతలు అక్కడే ఖరారయ్యాయి. మరుగుదొడ్లు ఎన్ని అన్నది ఇంకా చర్చల్లో ఉంది.

చెక్కు ఆటోలో పట్టలేదు. సగం బయటికి పెట్టి, గాలికి ఎగరకుండా రెండు చేతులా పట్టుకుని అమీర్‌పేట దాటాను. "పది లక్షలు చేతిలో పెట్టుకుని ఇరవై రూపాయలకు బేరమేంది సార్?" అన్నాడు డ్రైవరు.

అసలు డబ్బు మూడు విడతల్లో వస్తుందట. మొదటిది ఖర్చయినట్టు చూపిస్తే రెండోది. మొదటిది ఎప్పుడంటే, "ఫైలు ఫైనాన్స్‌లో ఉందండీ". ఈలోపు ఎండలు ముదిరాయి. మా అమ్మ చెక్కును శుభ్రంగా తుడిచి, డాబా ఎక్కించి, సగ్గుబియ్యం వడియాలు పెట్టింది. సున్నాకి నాలుగు చొప్పున.