తాళంచెవి పక్కింట్లో ఇచ్చి అమెరికా పోయేవాళ్లకు ఒక మాట

మా కడపలో ఇప్పుడు ఏ వీధిలో చూసినా నెలల తరబడి తాళమేసిన ఇల్లొకటి కనబడుతుంది. కూతురి పురుడనో, మనవడిని చూసుకోవాలనో అమెరికా పోయినవాళ్లవి కొన్ని, కువైట్‌లో పిల్లల దగ్గరికి పోయినవాళ్లవి కొన్ని. ఊరికే మూసిపెట్టేదానికంటే యాప్‌లో పెట్టి రోజువారీ అద్దెకిస్తే కరెంటు బిల్లన్నా వస్తుంది కదా అని ఈమధ్య చాలామంది నన్ను అడుగుతున్నారు. పోయినేడు మేము అదే పని చేశాం కాబట్టి అడుగుతున్నారు. అందరికీ కలిపి ఇక్కడే చెప్తున్నా. మీరు ఇంట్లో లేకుండా రోజుకొకరికి ఇల్లివ్వొద్దు. ఇల్లు మీదే. దాని బరువు మాత్రం పక్కింటివాళ్ల నెత్తిన పడుతుంది.

ఏప్రిల్‌లో పెద్దమ్మాయి పురుటికి న్యూజెర్సీ పోయాం. ఎన్జీవో కాలనీలో మాది రెండు పడగ్గదుల ఇల్లు. గండికోట చూడబోయే కుర్రాళ్లో, ఒంటిమిట్ట రాములవారి దర్శనానికి వచ్చేవాళ్లో, రిమ్స్‌లో మనిషిని చేర్చినవాళ్లో ఎవరో ఒకరు దిగుతారనుకున్నాం. దిగారు కూడా. పూజగదికీ బీరువా ఉన్న గదికీ తాళాలేసి, ఇంటి తాళంచెవి పక్కింటి వదిన చేతిలో పెట్టి, "వచ్చినవాళ్లకి ఇస్తే చాలు వదినా, ఇంకేం పనుండదు" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి దిగొచ్చని యాప్‌లో పెట్టాం. కడపలో మధ్యాహ్నం ఒంటిగంటంటే అక్కడ మాకు తెల్లవారుజాము మూడున్నర. వచ్చినవాళ్లు నాకు రెండుసార్లు ఫోన్ చేసి, ఎత్తకపోతే వదిన తలుపు తట్టేవాళ్లు. వైఫై పాస్‌వర్డ్ ఏదని, గ్యాస్ వెలగట్లేదని, దుప్పట్లు చాలవని. మే నెల కడప ఎండ తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ ఎండలో కంచం ముందు నుంచి లేచి ఆమె మా గేటు దాకా వచ్చేది.

ఒకరోజు గండికోటలో పొద్దుపొడుపు చూడాలని నలుగురు కుర్రాళ్లు చీకటితోనే బయలుదేరారు. స్నానాలకు నీళ్లు చాలక మోటారు వేసి, ఆపడం మరిచి, ఇల్లు తాళమేసుకుని పోయారు. ఉన్న ఒక్క తాళంచెవీ వాళ్ల దగ్గరే. వదిన దేవుని కడప గుడికి పోయి వచ్చేసరికి మా ట్యాంకు పొర్లి, నీళ్లు గోడ మీదుగా వాళ్ల వాకిట్లోకి ధారగా పడుతున్నాయి. ఏడాదికని కొని, గింజ తీసి, చాప మీద ఆరబోసుకున్న చింతపండు నీళ్లలో నానుతోంది. అన్నకు అరవై ఎనిమిదేళ్లు, పైగా షుగర్. గోడ ఎక్కి మా వరండాలో దిగి మెయిన్ ఆపాడు. దిగేటప్పుడు మోచెయ్యి గీరుకుపోయింది. ట్యాంకర్ నీళ్లు కొనుక్కునే కాలంలో అన్ని నీళ్లు కాలవ పాలయ్యాయి.

ఇదంతా నాకు తెలిసింది అక్టోబరులో తిరిగొచ్చాక, అదీ ఎదురింటివాళ్ల నోట. వదిన ఫోన్‌లో ఒక్క ముక్క చెప్పలేదు. బిడ్డ పాలు తాగుతోందా, అమ్మాయి కోలుకుందా అని అడిగి, "నువ్వు ఆ పసిదాన్ని చూసుకో, ఈడ మేముండాం లే" అనేది.

జూన్‌లో ఒక రాత్రి రెండు గంటలప్పుడు పాటల గోలకు ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. కానిస్టేబుల్ వచ్చి ఇల్లెవరిది, ఈ పిల్లలెవరు అని అడిగితే, నిద్రలో లేచొచ్చిన అన్నే జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. దిగినవాళ్ల ఆధార్ ఫొటోలు నా ఫోన్‌లో ఉన్నాయి. నా ఫోన్ సముద్రాల అవతల, ఆసుపత్రిలో, సైలెంట్‌లో ఉంది. అదే ఇంట్లో విదేశీయుడెవరైనా దిగి ఉంటే 24 గంటల్లో అతని వివరాలు ఫారం నింపి అధికారులకు పంపాలి, అది ఇల్లిచ్చినవాళ్ల బాధ్యత. కరెంటు సంగతీ అంతే. ఇంటి అవసరానికని తీసుకున్న కనెక్షన్‌ను ఇంకోదానికి వాడారని తేలితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటుతో లెక్కకట్టొచ్చు. మేము ఇవేవీ కనుక్కోకుండానే ఇల్లు యాప్‌లో పెట్టేశాం.

మా అల్లుడు న్యూయార్క్‌లో పనిచేస్తాడు. అక్కడ 2023 సెప్టెంబరు నుంచి, ముప్పై రోజులకు తక్కువగా ఇల్లివ్వాలంటే యజమాని నగరపాలక సంస్థ దగ్గర నమోదు చేసుకోవాలి, అతిథులున్నన్నాళ్లూ తనూ అదే ఇంట్లో ఉండాలి అని అతను చెప్పినప్పుడు నాకు నోట మాట రాలేదు. అంత మహానగరంలోనే ఆ మాటంటే, గోడకు గోడ ఆనుకున్న మా వీధికి ఇంకెంత కావాలి? మన కేంద్ర పర్యాటక శాఖ ఇన్‌క్రెడిబుల్ ఇండియా పేరుతో నడిపే హోమ్‌స్టే పథకంలోనూ యజమాని కుటుంబంతో ఆ ఇంట్లోనే కాపురముండాలి. ఇల్లు అద్దెకిచ్చి అతిథుల్ని పక్కింటికి అప్పజెప్పడం ఆతిథ్యం కాదు.

వచ్చినవాళ్లంతా చెడ్డవాళ్లని నేననను. తల్లిని రిమ్స్‌లో చేర్చి మా ఇంట్లో పదకొండు రోజులున్న అన్నదమ్ములు పోయేరోజు ఇల్లు తుడిచిపోయారు, రోజూ మా తులసికి నీళ్లు పోశారట. వండుకోవడానికి వీలుండే ఇల్లు అలాంటివాళ్లకు ఎంత ఆసరానో నాకు తెలుసు. అందుకే ఇవ్వొద్దనట్లేదు. ఇంట్లో మీరుండండి, లేదంటే జీతమిచ్చి ఒక మనిషిని పెట్టండి. అన్నిటికంటే ముందు పక్కింటికి పోయి అడగండి, వాళ్లు కాదంటే మానుకోండి. పక్కింటివాళ్ల మొహమాటం మీద మాత్రం వ్యాపారం నడపొద్దు.

డబ్బంటారా, ముప్పై ఎనిమిది రాత్రులకు రాత్రికి 1,800 చొప్పున 68,400 వచ్చింది. యాప్ కమీషన్, పనిమనిషి, కరెంటు, కాలిపోయిన మోటారు పోగా ముప్పై వేలు మిగిలాయి. చింతపండు బస్తా ఒకటి కొని తీసుకుపోతే వదిన తీసుకోలేదు. "మనలో మనకు లెక్కలేంటి" అంది. ఆమె తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

వచ్చే నెల చిన్నమ్మాయి దగ్గరికి పోతున్నాం. ఈసారి బ్యాంకులో బదిలీ మీద వచ్చిన ఒక కుటుంబానికి పదకొండు నెలల అగ్రిమెంటు రాసిచ్చాం. అది రాయకముందే వాళ్లను వదిన దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టాను. ఆమె వాళ్లకు మజ్జిగ ఇచ్చి, పిల్లల చదువులడిగి, మోటారు ఎప్పుడు వేసుకోవాలో, ఎంతసేపటికి ట్యాంకు నిండుతుందో చెప్పింది. రెండో తాళంచెవి తన దగ్గర ఉంచుకుంటానని తనే అడిగింది.