అండమాన్ వెళ్తున్నారా? ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకోండి

నిన్న మా ఆఫీసులో ఒక కుర్రాడు తన అండమాన్ ప్లాన్ చూపించాడు. పెళ్ళయ్యాక మొదటి ట్రిప్పు, మొత్తం ఐదు రోజులు. చివరి రోజు పొద్దున హావ్‌లాక్ దీవిలో పడవ ఎక్కి, మధ్యాహ్నం పోర్ట్ బ్లెయిర్‌లో విమానం ఎక్కాలి. అది చూడగానే నాకు కడుపులో తిప్పినట్టయింది. రెండేళ్ళ క్రితం మాకు వేసిచ్చిన ప్లాన్ కూడా అచ్చం ఇదే.

మాది కాకినాడ. అమ్మ, అత్తయ్య, మా ఆయన, ఇద్దరు పిల్లలు, నేను డిసెంబరు మొదట్లో వెళ్ళాం. నాలుగు రోజులూ హాయిగా గడిచాయి. ఐదో రోజు తెల్లవారుజామున గాలి మొదలైంది. సామానంతా మోసుకుని జెట్టీకి వెళ్తే, సముద్రం బాగాలేదు, ఈ రోజు పడవలు లేవన్నారు. మా విమానం మాత్రం టైముకే ఎగిరిపోయింది. పడవ రద్దయింది కాబట్టి ఆ డబ్బులు వెనక్కిచ్చారు. విమానం రద్దు కాలేదు కదా, ఆరుగురి టికెట్లూ పోయినట్టే. అప్పటికప్పుడు మళ్ళీ కొనాలంటే ఎంతవుతుందో మీకు తెలిసిందే. అంతకన్నా నన్ను భయపెట్టింది అమ్మ బీపీ మాత్రలు. ఐదు రోజులకని లెక్కపెట్టి తెచ్చుకుంది, ఆ పొద్దుటితో అయిపోయాయి. ప్లాన్ వేసిన ఏజెంటుకి ఫోన్ చేస్తే "వాతావరణం మా చేతిలో ఉండదు మేడం" అన్నాడు. గాలి అతని చేతిలో లేదు, ఒప్పుకుంటాను. కానీ పడవనీ విమానాన్నీ ఒకే రోజు పెట్టింది అతనే కదా!

ఇది తెలియని విషయమా? వానాకాలం వార్తల్లో "అండమాన్ సమీపంలో అల్పపీడనం" అన్న మాట మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో మన తీరం మీదికొచ్చే తుపాన్లు చాలావరకు ఆ చుట్టుపక్కల పుట్టేవే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. అయినా ఏ నెలలోనూ పడవకి గ్యారంటీ ఉండదు.

అందుకే నేను చెప్పేది ఒకటే. దూరం దీవులు ముందు, పోర్ట్ బ్లెయిర్ ఆఖర్న. దిగిన రోజు కుదిరితే ఆ మధ్యాహ్నం పడవకి, లేదంటే మర్నాడు పొద్దున్నే హావ్‌లాక్ వెళ్ళిపోండి. అక్కడి నుంచి నీల్ దీవికి. విమానానికి ఒక రోజు ముందే పోర్ట్ బ్లెయిర్ వచ్చేయండి. వెళ్ళేటప్పుడు పడవ రద్దయితే దీవిలో ఒక రాత్రి తగ్గుతుంది, అంతే. తిరిగొచ్చేటప్పుడు రద్దయినా చేతిలో ఇంకో రోజుంటుంది. ఆ రోజు ఊరికే పోదు కూడా. సెల్యులార్ జైలు ఉంది, ఎదురుగా రాస్ ద్వీపం ఉంది. చాలామంది జైలుని మొదటి రోజు నిద్రమత్తులో గంటలో చుట్టేసి వచ్చేస్తారు. 1906లో కట్టడం పూర్తయిన ఆ జైల్లో, ఒక్కొక్కరినీ విడిగా పెట్టిన ఆ గదుల వరసల మధ్య తీరిగ్గా నడిచి చూడాలి. మా పిల్లలు అక్కడ అడిగినన్ని ప్రశ్నలు బీచ్‌లో అడగలేదు.

స్కూబా, అంటే గాలి సిలిండరుతో సముద్రం లోపలికి డైవ్ చేసేవాళ్ళకి కూడా ఈ ఖాళీ రోజు అవసరమే. నీళ్ళ లోపల పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కలిసి ఉంటుంది. అది మెల్లగా బయటికి పోవాలి. పోకముందే విమానం ఎక్కితే, పైన ఒత్తిడి తగ్గి అది బుడగలు కట్టవచ్చు, ప్రాణం మీదికే రావచ్చు. డైవ్ చేశాక 18 గంటలు ఆగి విమానం ఎక్కడం మంచిది. చాలా ప్యాకేజీల్లో ఆ ముక్క ఉండదు, మీరే అడగాలి.

ఇక పొద్దు సంగతి. మన గడియారాలన్నీ 82½ డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. ఆ గీత మా కాకినాడ దగ్గర్నుంచే పోతుంది. పోర్ట్ బ్లెయిర్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున నలభై నిమిషాల తేడా. గడియారం మాత్రం ఇక్కడా అక్కడా ఒకటే. డిసెంబరులో ఐదింటికే సూర్యుడు నీళ్ళలోకి దిగిపోతాడు. హావ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం చూడాలని అందరికీ ఉంటుంది. జెట్టీ నుంచి అక్కడికి పన్నెండు కిలోమీటర్లు, దీవికి ఆ చివర. మూడున్నరకల్లా అక్కడ ఉండేలా చూసుకోండి. మేం ఇంట్లో అలవాటు ప్రకారం భోంచేసి, ఓ కునుకు తీసి, టీ తాగి బయల్దేరాం. వెళ్ళేసరికి మసక చీకటి. అత్తయ్యకి అలలు వినిపించాయి గానీ కనిపించలేదు. పొద్దున ఐదున్నరకి లేచి బయట పడండి, అక్కడ పగలు అప్పుడే మొదలవుతుంది.

ఆటుపోట్ల టైములు హోటల్లో అడిగి రాసుకోండి. రోజుకి రెండు పోట్లు (నీళ్ళు పైకొచ్చేవి), రెండు ఆట్లు (వెనక్కి పోయేవి). మర్నాడు అవే సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. నీల్‌లో రాతి వంతెన దగ్గరికి ఆటు మీదున్నప్పుడే వెళ్ళాలి. హావ్‌లాక్‌లో తూర్పు వైపు బీచ్‌లు ఆటులో రాళ్ళు తేలి ఈతకి పనికిరావు. అప్పుడు చూసినవాళ్ళు "ఇదేం బీచ్" అని తిట్టుకుంటారు. తప్పు బీచ్‌ది కాదు. ఇంకో మాట, అక్కడ ఉప్పునీటి మొసళ్ళున్నాయి. బోర్డు పెట్టిన చోట నీళ్ళలోకి దిగొద్దు. గవ్వలు, పగడపు ముక్కలు సంచిలో వేసుకోవద్దు, అది నేరం, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు.

సున్నపురాయి గుహలున్న బారాటాంగ్ దీవి ట్రిప్పు గురించి నా అభిప్రాయం వేరు. ఆ రోడ్డు జరావాలనే ఆదివాసీల అడవి మధ్య నుంచి పోతుంది. బండ్లన్నీ కాన్వాయ్‌గా వెళ్ళాలి, ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు, తినేవి ఇవ్వకూడదు. ఇన్ని నియమాలున్నా "అదృష్టం ఉంటే కనిపిస్తారు" అని ఆశపెట్టి టికెట్లు అమ్మేవాళ్ళున్నారు. జరావాలు మనలాంటి మనుషులు. బయటివాళ్ళ జబ్బుల్ని తట్టుకునే శక్తి వాళ్ళ ఒంట్లో లేదు, 1999లో తట్టు సోకి ఎంతోమంది మంచం పట్టారు. సున్నపురాయి గుహలు బాగుంటాయనే అంటారు. మేం వెళ్ళలేదు. మిమ్మల్నీ వెళ్ళొద్దనే బతిమాలుతున్నాను.

పేర్లు చూసి కంగారు పడకండి. హావ్‌లాక్ 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్. పోర్ట్ బ్లెయిర్ 2024 నుంచి శ్రీ విజయపురం. టికెట్ల మీద పాతదైనా ఉండొచ్చు, కొత్తదైనా ఉండొచ్చు. చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేసి 2020లో ప్రారంభించాక నెట్ మెరుగైంది గానీ, దీవుల్లో సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. టికెట్లు ప్రింటు తీసుకోండి, నోట్లు దగ్గర పెట్టుకోండి. మందులు ట్రిప్పు రోజుల కన్నా ఇంకో మూడు రోజులకి సరిపడా ఎక్కువ తీసుకెళ్ళండి. ఇది మాత్రం మర్చిపోవద్దు.

మా పడవ రద్దయిన మర్నాడు పోర్ట్ బ్లెయిర్‌లో దిగాక మమ్మల్ని మందుల షాపుకి తీసుకెళ్ళిన ట్యాక్సీ ఆయన తెలుగాయనే. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చారట. అక్కడ మనవాళ్ళు చాలామంది ఉన్నారు. "ఇక్కడ పుట్టినవాళ్ళం, మేమే విమానానికి ముందు రోజు పడవ దాటేస్తామమ్మా" అన్నాడు.

ఆ కుర్రాడూ నేనూ నిన్న సాయంత్రం కూర్చుని అతని ప్లాన్ తిరగేశాం. నీల్‌లో ఒక రాత్రి తగ్గింది. ఇవాళ పొద్దున పడవ టికెట్ ముందు రోజుకి మార్చుకున్నాడు. మీలో ఎవరైనా వెళ్తుంటే తేదీలూ పడవ టైములూ కింద రాయండి, కూర్చుని చూసి చెప్తాను.