హీరో ఖాళీగా ఉంటేనే అభిమాని ఖాతాకు చేతినిండా పని

సాయంత్రం ఆరు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. మా అక్క కొడుకు భోజనాల బల్ల దగ్గర ఫోను పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా పెట్టిన టీ మీద మీగడ కట్టింది. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతూ ఎక్స్‌లో (పాత ట్విటర్) ఒక హీరో పేరు మీద అభిమాని ఖాతా నడుపుతుంటాడు. పదకొండు వేల మంది ఫాలోవర్లున్నారు. హీరోగారి పుట్టినరోజు ఇంకా యాభై రోజుల దూరంలో ఉంది. ఆ యాభయ్యో రోజునూ పండగ చేయాలట, అందుకని ఆరు గంటలకు ట్రెండ్ పెట్టుకున్నారు, అంటే అందరూ ఒకేసారి ఒకే హ్యాష్‌ట్యాగ్‌తో రాయాలి. ఏ హ్యాష్‌ట్యాగ్ వాడాలో పెద్ద ఖాతాలు నడిపేవారందరికీ ముందురోజే తెలుసు. ఎవరూ పైకి అనరు. ఐదు యాభై అయిదుకు దాన్ని పోస్టరు మీద రాసి బొమ్మగా పెడతారు తప్ప అక్షరాలుగా టైపు చేయరు.

“ముందే చెప్పేస్తే ఏం పోతుంది రా?” అని అడిగాను.

“ట్యాగ్ చచ్చిపోతుంది మావయ్యా” అన్నాడు తల ఎత్తకుండా.

వాడు చెప్పింది నిజమే. ఆ క్షణాన జనం దేని గురించి మాట్లాడుకుంటున్నారో చూపే ట్రెండ్స్ పట్టికలోకి ఎక్కాలంటే ఎక్కువమంది మాట్లాడితే చాలదని, మాట్లాడేవారి సంఖ్య ఉన్నట్టుండి పెరగాలని ట్విటర్ 2010లోనే వివరించింది. అంతకు ముందు జస్టిన్ బీబర్ పేరు ఆ పట్టికలో తిష్ఠ వేసి కూర్చునేది. లెక్క మార్చాక, అతని అభిమానులు నోరు కట్టేసుకోకపోయినా, పేరు కిందికి దిగిపోయింది. అంటే రోజంతా చినుకులు పడితే ఆ పట్టిక వేసే యంత్రానికి వాన పడినట్టు కాదు, ఒక్కసారిగా కుండపోతగా కురవాలి. నాలుగు గంటలకే నలుగురు తొందరపడి ట్యాగ్ వాడేస్తే ఆరింటి కుండపోతలో కొత్తదనం పోతుంది. యంత్రం మెదడు ఎలా పనిచేస్తుందో మా వాడికి ఏ కాలేజీలోనూ చెప్పలేదు. ట్రెండ్లు చచ్చిపోగా చచ్చిపోగా నేర్చుకున్నాడు.

అభిమాని ఖాతాలు జనాన్ని ఎలా కూడగడతాయన్న ప్రశ్నకు మామూలుగా వినిపించే జవాబు సమాచారం. ఎవరికంటే ముందు ఎవరు చెప్పారన్నదే అక్కడ పందెమంటారు. నాకు ఆ జవాబు ఆనదు. సమాచారమే కావాలంటే హీరో సొంత ఖాతా ఉంది, నిర్మాణ సంస్థ ఖాతా ఉంది, వార్తా సంస్థలున్నాయి. అవేవీ ఇవ్వలేనిది ఈ ఖాతాలు ఇస్తున్నాయి, అది పని. ఫలానా గంటకు రా, ఈ మాట రాయి, ఈ పాటకు లైక్ కొట్టు, ఈ ఓటింగులో మనం వెనకబడ్డాం, నీ ఒక్క ఓటు తగ్గింది అని పేరు పెట్టి పిలిచినట్టు పిలుస్తాయి. ప్రేక్షకుడిగా ఉన్నవాడు టికెట్టు కొన్న రోజు మాత్రమే హీరోకు పనికొస్తాడు. ఈ పిలుపు అందుకున్నవాడు రోజూ పనికొస్తాడు. తన వల్ల ఏదో జరుగుతోందన్న ఆ భావం దొరికాక ఖాతాను వదిలిపెట్టడం కష్టం.

ఇది ఫోన్లు వచ్చాక పుట్టిన విద్యేమీ కాదు. అభిమాన సంఘాలు ఊరూరా చేసింది ఇదే. విడుదల ముందు రాత్రి కటౌట్ నిలబెట్టడం, తోరణాలు కట్టడం, మొదటి ఆటకు చింపిన కాగితాలు గోనెసంచుల్లో మోసుకెళ్లడం, ఇలా తలా ఒక పని ఉండేది. 1998లో చిరంజీవి రక్తనిధి మొదలయ్యాక చాలా ఊళ్లలో పుట్టినరోజు పనుల్లో రక్తదానం కూడా చేరింది. లెక్కల పిచ్చి కూడా పాతదే. మా హీరో సినిమా ఇన్ని కేంద్రాల్లో వంద రోజులు ఆడిందని పోస్టర్లు వేసేవారు. ఆడనిచోట సొంత డబ్బుతో టికెట్లు తెగ్గొట్టి లాగించిన సంఘాల కథలు పాత తరం వాళ్లు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకొంటారు. అప్పటి వంద రోజుల కేంద్రం స్థానంలో ఇప్పుడు యూట్యూబ్‌లో మొదటి ఇరవై నాలుగు గంటల వ్యూస్ వచ్చి కూర్చున్నాయి. ఆ వ్యూస్ లెక్కలోనూ లాగింపులున్నాయి కాబట్టే, ప్రకటనలుగా డబ్బిచ్చి తెచ్చుకున్న వ్యూస్‌ను ఇరవై నాలుగు గంటల రికార్డుల్లో కలపబోమని 2019లో యూట్యూబ్ చెప్పాల్సి వచ్చింది. గాయకుడు బాద్‌షా పాట మీద రేగిన వివాదం తర్వాత వచ్చిన నిర్ణయమది.

మారింది ఒకటే: వ్యవధి. వెనక హీరోలకు ఏడాదికి నాలుగైదు సినిమాలుండేవి, కృష్ణకైతే ఇంకా ఎక్కువ. సంఘానికి పని వెతుక్కునే అవసరం ఉండేది కాదు. ఇప్పుడు చూడండి. చిన్న ఎన్టీఆర్ సినిమా 2018 అక్టోబరులో వచ్చింది, తర్వాతది ‘ఆర్‌ఆర్‌ఆర్’, 2022 మార్చి 25న. మధ్యలో మూడున్నరేళ్లు. మహేష్ బాబుకు ‘గుంటూరు కారం’ 2024 జనవరిలో విడుదలయ్యాక 2025 మొత్తం గడిచిపోయినా కొత్త సినిమా తెర మీదికి రాలేదు. హీరో తెర మీద లేని ఈ వెయ్యి రోజులే అభిమాని ఖాతాలకు అసలు సీజను. ఆకలి ఉన్నచోటే కదా అంగడి. ‘అప్‌డేట్’ అనే మాట చుట్టూ ఒక కుటీర పరిశ్రమ లేచింది. టీజర్ వస్తుందని చెప్పే పోస్టరు, ఆ పోస్టరు ఎన్ని గంటలకో చెప్పే ఇంకో పోస్టరు. 2023 ఫిబ్రవరిలో ‘అమిగోస్’ సినిమా సభలో ఎన్టీఆర్ మైకు పట్టుకుని, చెప్పాల్సింది ఉంటే ఇంట్లో భార్య కంటే ముందు మీకే చెబుతాం, ఒత్తిడి తేవద్దని అభిమానులను బతిమాలుకున్నంత పని చేశారు. ఆ విన్నపాన్ని కూడా ఖాతాలు వీడియో ముక్కగా కత్తిరించి పంచాయి. అదీ ఒక అప్‌డేటే.

కొత్తది రానప్పుడు పాతదాన్ని తవ్వి తీస్తారు. ఫలానా సినిమాకు పదిహేనేళ్లు, ఫలానా పాట రికార్డయిన రోజు, పాత సినిమా పత్రికలో పడిన ఫొటో. 2022 ఆగస్టు 9న, మహేష్ పుట్టినరోజుకు, ‘పోకిరి’ ప్రత్యేక ఆటలు వేశాక ఈ తవ్వకానికి థియేటరు కూడా తోడైంది. 2024లో అదే తేదీకి ‘మురారి’ మళ్లీ వేసినప్పుడు జనం జేబుల్లో అక్షింతలు పోసుకుని వచ్చారు. తెర మీద పెళ్లిపాట మొదలవగానే సీట్ల మధ్య నిలబడి, ఎదురుగా ఉన్న వధూవరుల మీదికి చల్లారు. ఫోన్ల వెలుగులో పసుపు బియ్యం గాల్లోకి లేచే ఆ అరనిమిషం వీడియో ఎన్ని ఖాతాల్లో తిరిగిందో లెక్క లేదు. ఇరవై మూడేళ్ల నాటి సినిమా చూడటానికి వచ్చినవాళ్లలో ఆ సినిమా విడుదలయ్యేనాటికి పుట్టనివాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు ఆ పెళ్లికి శుభలేఖ అందింది ఈ ఖాతాల నుంచే. నన్నడిగితే అభిమాని ఖాతాలు చేసిన మంచి పనుల్లో దీన్ని ముందు వరసలో పెడతాను.

వీటిలో నేను నిజంగా గౌరవించే రకం ఇంకొకటుంది, లెక్కల ఖాతా. వీళ్లు బొమ్మలు పెట్టరు, జేజేలు కొట్టరు. అడ్వాన్స్ బుకింగ్ తెరిచిన దగ్గర్నుంచి టికెట్ యాప్‌లో ఒక్కో షో తెరిచి, ఎన్ని సీట్లు నిండాయో చూసి, ఊరి వారీగా పట్టిక వేస్తారు. నైజాం (తెలంగాణ) ఇంత, సీడెడ్ (రాయలసీమ) ఇంత, ఉత్తరాంధ్ర ఇంత, అమెరికా ప్రీమియర్లకు ఇన్ని డాలర్లు. టికెట్ల మీద వచ్చిన మొత్తం గ్రాస్ వేరు, పన్నులూ థియేటరు అద్దె పోగా పంపిణీదారుకు మిగిలే షేర్ వేరు అని ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు నేర్పింది వీళ్లే. నిర్మాత పోస్టరు మీద వేసుకున్న అంకె ఎక్కడ ఉబ్బిందో చెప్పగలరు. అందుకే ఎదుటి హీరో అభిమానులూ వీళ్లను అనుసరిస్తారు, పైకి తిడుతూనే. సొంత హీరో సినిమా పడుకున్న రోజున కూడా అంకె మార్చకుండా పెట్టినవాడి ఖాతా పెరుగుతుంది. దాచినవాడి ఖాతాలో జేజేలు కొట్టేవాళ్లు మాత్రం మిగులుతారు.

తిట్టుకోవడం గురించి కూడా చెప్పాలి. యంత్రానికి పొగడ్తా తిట్టూ ఒకటే, రెండూ రిప్లైలే. ఎదుటి హీరో పాత ఇంటర్వ్యూలోంచి ఒక వాక్యం కత్తిరించి పెడితే, సొంతవాళ్లు నవ్వడానికి వస్తారు, అటువాళ్లు కొట్టడానికి వస్తారు, ఇద్దరి వల్లా పోస్టు పైకి లేస్తుంది. 2023 జులైలో ఎక్స్ ఖాతాదారులకు డబ్బివ్వడం మొదలుపెట్టినప్పుడు వాటా ఇచ్చింది రిప్లైల మధ్య కనిపించే ప్రకటనల ఆదాయం నుంచే. నెల తిరిగేసరికి అర్హతను మూడు నెలల్లో కోటిన్నర వీక్షణల నుంచి 50 లక్షలకు తగ్గించింది. నీలం టిక్కుకు చందా కట్టాలి, కనీసం 500 మంది ఫాలోవర్లుండాలి అన్నవి అప్పటి షరతులు. ఉత్తినే తిట్టుకునేవాళ్లకు కూలి దొరికిందన్నమాట. తర్వాత లెక్కల పద్ధతి మారినా అలవాటు మారలేదు. గొడవ లేని రోజున గొడవ పుట్టించే ఖాతాలు ఇప్పుడు ప్రతి హీరోకూ ఉన్నాయి. వాటిని అభిమానం కింద జమ కట్టడానికి నాకు మనసొప్పదు.

ఫాలో బ్యాక్ గొలుసుల సంగతి ఒక్క మాటలో తేల్చేయొచ్చు. ‘మన హీరో పేరు రాయండి, అందరం ఒకరినొకరు ఫాలో అవుదాం’ అంటే వారంలో రెండు వేలమంది చేరతారు, వాళ్లలో ఒక్కరూ నీ పోస్టు చదవరు. చదివేవాళ్లు వేరే దారిన వస్తారు, ఆలస్యంగా వస్తారు. ఎన్నికలప్పుడు మాత్రం, ఖాతా కొని పేరు మార్చి ప్రచారానికి వాడుకునేవాళ్ల దగ్గర, ఆ చదవని రెండు వేలకూ ధర పలుకుతుంది. మా వాడికీ ఒక సందేశం వచ్చింది: ఖాతా ఇస్తావా, ఎంత కావాలి అని. ఇవ్వలేదు. నిజాయితీ అని మురిసిపోబోయాను. “పేరు మారితే మనవాళ్లు గంటలో కనిపెట్టేస్తారు, తర్వాత నా మొహం చూడరు” అన్నాడు. పదకొండు వేల మందిలో తన మొహం చూసినవాళ్లు పదిమంది కూడా ఉండరు.

ఆరు కొట్టింది. ఇంటి నిండా ఫోను మోతలు. ఆరూ నాలుగుకు ట్యాగ్ పట్టికలో కనిపించింది, ఆరూ పదికి మా వాడు నెత్తి పట్టుకున్నాడు. ఎవడో తొందరలో ఒక అక్షరం తప్పు కొట్టాడు, వెనకవాళ్లు దాన్నే చూసి రాశారు, రెండు ట్యాగులు పక్కపక్కనే పైకి పాకుతున్నాయి, ఒకదాని బలం ఒకటి తినేస్తూ. రాత్రి భోజనాలకు పిలిచేసరికి కూడా వాడు అక్కడే ఉన్నాడు. తప్పు రాసిన ఒక్కొక్కరి కిందా ఒకే వాక్యం పెడుతున్నాడు: “అన్నా, మధ్యలో ఒక ‘ఎస్’ తగ్గింది, సరిచేసి మళ్లీ వెయ్యి.”