ఫ్లెక్సీ గారికి ఒక పాదచారి విన్నపం

మహారాజశ్రీ ఫ్లెక్సీ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

రాత్రికి రాత్రి తమరు మా కూడలిలో వెలిశారు. తెల్లవారేసరికి సిగ్నల్ దీపం, బస్టాపు పేరు, మలుపులో వచ్చే లారీ మాకు కనిపించకుండా పోయాయి. వాటికి బదులు ఒక సింహం కనిపిస్తోంది. దాని ముందు నల్లకళ్లద్దాలతో మీసం తిప్పుతూ మా వార్డు నాయకుడు. కింద ‘దమ్మున్న మొనగాడు’ అని ఎర్రటి అక్షరాలు. సింహం ఆయనకు తోడు వస్తోందో, ఆయన్ను తరుముతోందో బొమ్మను బట్టి చెప్పడం కష్టం.

రోడ్డు దాటే వీలు ఎలాగూ లేదు కనుక తీరిగ్గా నిలబడి చూశాను. పైన మబ్బుల్లో కీర్తిశేషులైన పెద్దాయన, ఆ కింద అధినేత, ఆయన కన్నా వీసమెత్తు చిన్నగా ఎమ్మెల్యే. అడుగున ‘ఇట్లు’ అంటూ పాస్‌పోర్టు సైజు ముఖాల బారు. ఎవరి తల ఎంత ఉండాలన్న కొలత తప్పితే సాయంత్రానికల్లా తమరిని చించేస్తారట. చదరపు అడుగుల లెక్కన ధైర్యం అమ్మే ప్రింటింగ్ షాపులో కుర్రాడు ఈ మాట అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. సింహానికి మాత్రం విడిగా డబ్బు తీసుకోరట.

ఇదే మొనగాణ్ణి మా వీధి మురుగు కాలువ సంగతి అడిగితే ‘పైవాళ్లను అడిగి చెబుతాను’ అన్నారు. అక్కడే నాకు కొంచెం అనుమానం వచ్చింది.

తమరు పుట్టక ముందు సంగతి ఒకటి మనవి చేస్తాను. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. ఖద్దరు ప్రదర్శన గుమ్మంలో దుర్గాబాయి అనే 14 ఏళ్ల వాలంటీరును నిలబెట్టి, టికెట్ లేనివారిని పంపవద్దన్నారు. జవాహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. టికెట్ లేదు. ఆ పిల్ల ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి కోప్పడినా, వారు టికెట్ కొనిచ్చాకే దారి వదిలింది. నెహ్రూ ఆమెను మెచ్చుకున్నారు. ఎదుటి పార్టీ వాణ్ణి తిట్టడానికేముంది, మైకుంటే చాలు; సొంత పార్టీ పెద్దను గుమ్మంలో ఆపడానికి మరేదో కావాలి. ఇప్పుడైతే ‘నేనెవరో తెలుసా’ అన్న గర్జన ముందు వినబడేది, ఆ పిల్ల ఇంటికి వెళ్లిపోయేది, మర్నాడు ‘టికెట్ లేకున్నా దూసుకెళ్లిన ధీరుడికి స్వాగతం’ అంటూ తమరు వెలిసేవారు.

ప్రకాశం పంతులు గారు 1928లో మద్రాసులో, సైమన్ కమిషన్ వ్యతిరేక ప్రదర్శనలో తుపాకులకు ఛాతీ చూపారు. ఆనాడు ఆయన వెనక సింహం బొమ్మ లేదు. ఆంధ్రకేసరి అని జనమే పిలుచుకున్నారు. ఇప్పుడు కేసరి ముందే అచ్చయి వస్తోంది, ఛాతీ సంగతి తరవాత చూసుకుంటారు.

సినిమా వారి ధైర్యానికీ తమరే నిలయం. వేడుకలో ‘నేనెవరికీ భయపడను’ అన్న పెద్దమనిషి, మర్నాడు వీడియోలో ‘ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే’ అని మొదలుపెడతారు. ఆ రెండో మాటను ఎవరూ తమరి మీద అచ్చు వేయించరు.

నిజానికి తెగువ తమరిదే. ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తున్నట్లు 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించినా తమరు జంకలేదు. ఆ నిర్ణయానికి ధన్యవాదాలు చెబుతూ ఎవరో ఒకరు తమరినే కట్టించి ఉంటారని నా నమ్మకం.

మా వార్డు నాయకుడి పుట్టినరోజు ఎలాగూ అయిపోయింది కనుక, గాలివానకు తెగి ఎవరి బండి మీదో పడక ముందే తమరు దయచేసి దిగిరండి. కోతల కాలం, మబ్బు పట్టి ఉంది. కళ్లంలో ధాన్యం మీద కప్పడానికి మంచి పట్టాలు దొరకడం లేదు. బొమ్మ పైకి ఉండాలా, కిందికి ఉండాలా అన్నది రైతు ఇష్టానికి వదిలేద్దాం.

ఇట్లు,
ఫొటో లేని ఒక ఓటరు