సర్దడం వేరు, పారేయడం వేరు: గిట్ ఈ రెండూ కలపకూడదు

కోడ్‌లో చేసిన మార్పుల చరిత్రను దాచే సాధనం గిట్. అందులో ఫెచ్ (కొత్త మార్పులు తెచ్చుకోవడం) కొట్టినప్పుడో మెర్జ్ (మార్పుల్ని కలపడం) చేసినప్పుడో, రిపోను, అంటే ప్రాజెక్ట్ చరిత్ర ఉండే చోటును, బ్యాక్‌గ్రౌండ్‌లో ప్యాక్ చేస్తున్నానంటూ ఒక్కోసారి ఓ లైను వస్తుంది. చాలామంది చదవరు. అదే ఆటోమేటిక్ శుభ్రత, జీసీ (గార్బేజ్ కలెక్షన్, చెత్త ఏరివేత). మనం పట్టించుకోనక్కర్లేకుండా జరిగిపోవాలనే దాన్ని పెట్టారు, మంచిదే. కానీ ఆ ఒక్క పేరు కింద రెండు పనులు నడుస్తున్నాయి. ఒకటి సర్దడం, రెండోది పారేయడం.

సర్దడంతో నాకే పేచీ లేదు. విడి ఆబ్జెక్ట్‌లు (గిట్ మన ఫైళ్లనూ మార్పులనూ దాచుకునే చిన్న ఫైళ్లు) దాదాపు 6,700 దాటాయనిపిస్తే గిట్ వాటిని ప్యాక్‌గా, అంటే మూటగా, కట్టేస్తుంది. అన్నీ లెక్కపెట్టదు. అవి ఉండే 256 ఫోల్డర్లలో 17 అనే ఒక్కదాన్ని తెరిచి, అందులో 27 ఫైళ్లు దాటాయా అని చూస్తుంది. ఆబ్జెక్ట్‌ల పేర్లు, అంటే లోపలి సమాచారం నుంచి లెక్కగట్టే హ్యాష్‌లు, అన్ని ఫోల్డర్లకూ ఇంచుమించు సమానంగా పడతాయి కాబట్టి అది చాలు. అంచనా కాస్త తప్పినా ఎవరి పనీ పోదు.

పారేయడంలో అలా కాదు. మూడు నెలల కిందట స్టాష్‌లో (పూర్తికాని పనిని పక్కన పెట్టే చోటు) దాచిన మార్పుల్ని ఇవాళ పొరపాటున డ్రాప్ చేశారనుకోండి. పారేసే ముందు గిట్ ఇచ్చే రెండు వారాల గడువుంది కదా, తీరిగ్గా వెతుక్కోవచ్చులే అనుకుంటాం. ఆ రెండు వారాలను గిట్ డ్రాప్ చేసిన రోజు నుంచి లెక్కించదు. డిస్క్‌లో ఆ ఫైలు మీదున్న తేదీ నుంచి లెక్కిస్తుంది. ఆ తేదీ పాతదైతే, తర్వాత నడిచే జీసీయే దాన్ని తుడిచేయవచ్చు. మామూలు కమిట్ (భద్రపరచిన మార్పు) తన బ్రాంచ్ (మార్పుల వరుస) నుంచి తెగిపోయినా, బ్రాంచ్ ఎప్పుడెప్పుడు ఎక్కడుందో రాసుకునే రీఫ్లాగ్ దాన్ని 30 రోజులు కాపాడుతుంది. స్టాష్ డ్రాప్ చేస్తే ఆ ఎంట్రీ కూడా పోతుంది.

ఇంకోటి ఇంతకన్నా బాధ కలిగిస్తుంది. ఎవరికీ చెందని విడి ఆబ్జెక్ట్‌లు మరీ ఎక్కువైతే, ప్రూన్ (వాటిని తుడిచేసే కమాండ్) కొట్టండని గిట్ తనే సలహా ఇస్తుంది. ఆ కమాండ్‌ను ఉన్నదున్నట్టు నడిపితే ఏ గడువూ చూడదు, ఈ ఉదయం పోగొట్టుకున్న పని కూడా పోతుంది. టెన్షన్‌లో ఉన్న మనిషికి ఇచ్చే సలహా ఇదేనా?

2023లో వచ్చిన 2.41 వెర్షన్ నుంచి అలాంటి ఆబ్జెక్ట్‌లను క్రఫ్ట్ ప్యాక్ అనే వేరే మూటలో పెట్టడం డిఫాల్ట్ అయింది. దాంతో విడి ఆబ్జెక్ట్‌లు పేరుకుపోయి ఆ సలహా వచ్చే గందరగోళం చాలా తగ్గింది. మరో పక్క, 2020లో మెయింటెనెన్స్ కమాండ్ వచ్చాక ఆటోమేటిక్ పనిని ఆపే స్విచ్‌లు రెండయ్యాయి. ఒకటి చాలు.

నేను కోరేది చిన్న మార్పే. దానంతట అది నడిచే శుభ్రత ఎప్పుడూ సర్దడంతోనే ఆగాలి. పారేయడం మనిషి అడిగితేనే జరగాలి, ఆ గడువు, ఆబ్జెక్ట్ తెగిపోయిన రోజు నుంచే మొదలవ్వాలి. డిస్క్ నిండిపోతుందంటారా? ఒకరిద్దరు వాడే రిపోలో క్రఫ్ట్ ప్యాక్ తీసుకునే చోటు కొద్దిపాటిదే. ఫోర్స్ పుష్‌లు (పాత చరిత్రను తోసేసి కొత్తది పంపడం) కుప్పలుగా పడే సర్వర్లకు ఎలాగూ అడ్మిన్లుంటారు, వాళ్లే ఆదేశం ఇచ్చుకుంటారు.

ప్రస్తుతానికి నా రిపోల్లో ప్రూన్ గడువు సెట్టింగ్‌ను ‘నెవర్’ అని పెట్టుకున్నాను.