రేచల్‌ది ఒట్టి తాగుబోతు కథ కాదు

పౌలా హాకిన్స్ 2015 నవల 'ద గర్ల్ ఆన్ ద ట్రైన్' మొదటి సగం సాగదీత అని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోనండీ. అసలు టెన్షన్ అంతా ఆ నెమ్మదిలోనే ఉంది. రేచల్, మేగన్, అనా అనే ముగ్గురు ఆడవాళ్ళు ఎవరి కథ వాళ్ళే చెబుతారు. తేదీలు ముందుకీ వెనక్కీ పోతుంటాయి. ఎవరిని నమ్మాలో ఓ పట్టాన తేలదు.

నవల చదవనివాళ్ళు ఈ పేరా వదిలేయండి. నన్ను కుదిపేసింది హత్య కాదు. తాగిన రాత్రి ఏం జరిగిందో రేచల్‌కు గుర్తుండదు. ఆ ఖాళీని అప్పటి భర్త టామ్ తనకు కావలసినట్టు నింపేస్తాడు. గోల్ఫ్ కర్రతో తన మీదికి వచ్చావంటాడు, గోడకు ఊడిన పెచ్చు కూడా సాక్ష్యమే. పాపం, ఆమె నమ్మేస్తుంది! తప్పంతా తనదేనని కుమిలిపోతుంది. "నీకేం గుర్తుండదు, ఊరుకో" అనే మాట మన ఇళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళు వినలేదు?

బెంగళూరు మెట్రోలో ఆఫీసుకు వెళ్తూ చదివాను. ఇందిరానగర్ దగ్గర కిటికీలోంచి మేడల బాల్కనీలు, ఆరేసిన బట్టలు కనిపిస్తుంటే, రోజూ రైల్లోంచి ఇళ్ళను చూసే రేచల్ గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది.

2016లో దీని మీద వచ్చిన సినిమా, కథను లండన్ నుంచి న్యూయార్క్‌కు మార్చేసింది. దయచేసి ముందు నవలే చదవండి.